మసీదు నీడలో అంగడి

హైదరాబాదు చూచితిరా యని అడిగినచో, పొరుగూళ్ళ నుండి వచ్చినవారు చార్మినారు చూచితిమని బదులు చెప్పుదురు. దాని ముందు నిలిచి ఒక ఛాయాచిత్రము తీయించుకొని, ప్రక్క వీథిలో రెండు జతల గాజులు బేరమాడి కొని, ఇరానీ చాయ త్రాగి, పొద్దు వాలకముందే తిరుగు బస్సు ఎక్కుదురు. అందు తప్పేమియు లేదు. కాని ఆ గాజుల వీథి ఆ మసీదుల చెంతనే యేల వెలసినది? ఆ మసీదులు అంత సందడి గల అంగళ్ళ నడుమనే యేల నిలిచినవి? ప్రశాంతముగా ప్రార్థన చేయదలచినవారు ఊరికి దూరముగా ఏ గుట్ట మీదనో కట్టుకొనియుండవచ్చును గదా! ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు నడచినచో ఒక్క దినములో ఈ నగరము మనకు చాల సంగతులు చెప్పును. శ్రోతలను నేడు అట్టి ఒక దినపు నడకకు నా వెంట రమ్మని పిలుచుచున్నాను.

ఈ నడకను చార్మినారు వద్ద మొదలుపెట్టరాదు. అది నగరమునకు నడిబొడ్డు. మనము వాకిలి నుండి లోనికి పోవలెను. హైదరాబాదునకు వాకిలి పడమటి దిక్కున గోలకొండ వైపున ఉన్నది. కుతుబ్‌షాహీ సుల్తానులు మొదట గోలకొండ దుర్గములో ఉండిరి. అచ్చట జనము పెరిగి, నీటికిని చోటునకును ఇరుకైన తరువాత, ఆ వంశములో అయిదవవాడైన మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో మూసీనదికి దక్షిణపు టొడ్డున క్రొత్త నగరమునకు పునాది వేసెను. కోట నుండి ఆ నగరమునకు, అచ్చటి నుండి తూర్పు తీరమున బందరు రేవునకు బాట సాగినది. వజ్రములు, నూలుబట్టలు ఆ బాట వెంటనే పోయినవి. కనుక మనము కూడ కోటకును నదికిని నడుమనున్న కార్వాన్ పేటలో ఉదయముననే అడుగు పెట్టుదము. ఆ పేరే వర్తకుల బిడారులను గుర్తు చేయును.

నడకకు ముందు రెండు మాటలు. మసీదును చూచుట తెలియనివారికి ఏది చూడవలెనో తోచదు. అందు విగ్రహము లేదు, గర్భగుడి లేదు. కాని దానికొక క్రమమున్నది. నమాజు చేయువారు మక్కా దిక్కునకు తిరిగి నిలువవలెను. మన దేశమునకు ఆ దిక్కు పడమర. కావున మసీదు వెనుకగోడ పడమట నుండును. ఆ గోడలో లోనికి తొలిచిన కమాను వంటి గూటిని మిహ్రాబ్ అందురు. అది దిక్కును తెలుపు గుర్తు. దాని ప్రక్కన మెట్లు గల పీఠము మింబర్. శుక్రవారము నాడు ఉపన్యాసకుడు దాని మీద నిలుచును. ముందు విశాలమైన ముంగిలి, అందొక నీటి హౌజు. ప్రార్థనకు ముందు ముఖము, చేతులు, కాళ్ళు కడుగుకొనుటకు ఆ నీరు. మీనారు పిలుపు కొరకు ఏర్పడినది. దక్కను శిల్పులు దానిని అలంకారముగా కూడ మార్చిరి. దిక్కు, నీరు, వరుస: ఈ మూడింటిని గుర్తుంచుకొన్నచో ఎంత పెద్ద మసీదైనను, ఎంత చిన్నదైనను అర్థమగును.

ఇక రెండవ మాట మర్యాదను గూర్చినది. మసీదు వస్తుప్రదర్శనశాల కాదు. మనము చూడబోవునవన్నియు నేటికిని దినమునకు అయిదు వేళల ప్రార్థన జరుగు స్థలములు. పాదరక్షలు వెలుపల విడువవలెను. భుజములు, మోకాళ్ళు కప్పు దుస్తులు ధరింపవలెను. స్త్రీలు తలపై కొంగు కప్పుకొనుట మర్యాద. నమాజు చేయుచున్న వాని ముందుగా నడువరాదు. శుక్రవారము మధ్యాహ్నము చూడవచ్చినవారికి తగిన వేళ కాదు. ఎంతవరకు రావచ్చునో కావలివాడు చెప్పును. ఆ హద్దును మీరరాదు. ఇంతమాత్రము పాటించిన అన్యమతస్థుని ముంగిలిలోనికి రావలదని సాధారణముగా ఎవరును అనరు. తరతరములుగా ఒకే వీథిలో కాపురమున్నవారు కూడ పొరుగున నున్న మసీదులో ఏమున్నదో ఎరుగకుండుటకు కారణము ఎక్కువగా ఒక సంకోచము మాత్రమే.

కార్వాన్‌లో మనము మొదట చూడదగినది తోలీ మసీదు. దీనిని 1671లో మూసాఖాన్ అను అధికారి కట్టించెను. అతడు అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మహల్‌దారుగా నుండెను. దీనికి దమ్డీ మసీదు అని మరొక పేరు గలదు. ఆ పేరునకు ఒక కథ చెప్పుదురు. అప్పుడు నగరములో మక్కా మసీదు నిర్మాణము జరుగుచుండెను. దాని ఖర్చు మూసాఖాన్ చేతి మీదుగా సాగెను. ప్రతి రూపాయికి ఒక దమ్డీ చొప్పున అతనికి ముట్టిన ప్రతిఫలమును కూడబెట్టి ఈ మసీదు కట్టించెనట. దమ్డీ యనగా ఆ కాలపు మిక్కిలి చిన్న నాణెము. కథ యెంతవరకు నిజమైనను, అందు ఒక భావమున్నది: సంత సొమ్ము చిల్లరచిల్లరగా చేరి ప్రార్థనామందిరమైనది.

ఆకారమున తోలీ మసీదు చిన్నదే. ఎత్తైన అరుగు మీద, ముందు అయిదు కమానులతో నిలిచియున్నది. ఇరువైపుల మీనారులు, వాని నడుమ పిట్టగోడ వెంట సన్నని జాలీల వరుస. మీనారుల మొదళ్ళ నుండి కొనల వరకు కనుపించు లతలు, పద్మదళములు, అంచుల అల్లికలు చూచినవారు ఇది రాతి చెక్కడమని భ్రమపడుదురు. అధికభాగము రాయి కాదు, సున్నము! మీనారు కొనన గల గుమ్మటము పద్మపు రేకుల నడుమ నుండి వెలికి వచ్చుచున్నట్లుండును. మసీదులో ప్రాణిరూపములు చిత్రింపరు గనుక శిల్పి తన నేర్పునంతయు పూవులందు, ఆకులందు, అక్షరములందు, రేఖలందు చూపెను. ఆ పద్మము ఇచ్చటి మట్టిలో పుట్టినది. పారసీక దేశపు కమాను, దక్కను దేశపు పూవు, ఈ రెండును ఒకే గోడ మీద కలసినచో కుతుబ్‌షాహీ శైలి యగును.

సున్నమును గూర్చి కొంచెము నిలిచి మాటాడవలెను. ఏలయన ఈ నగరపు పాత కట్టడముల బ్రదుకు దాని మీద ఆధారపడియున్నది. సున్నపురాయిని కాల్చి, నీట చల్లార్చి, ఇసుకతో కలిపి గానుగలో పలుమారులు నూరినచో డంగుసున్నము సిద్ధమగును. అందు బెల్లపు నీరు, కరక్కాయ కషాయము, కోడిగ్రుడ్డు సొన వంటివి చేర్చుట దక్షిణదేశపు మేస్త్రీలకు అలవాటు. అట్టి సున్నము ఒక్క దినములో గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని సంవత్సరముల తరబడి బిగియును, తుదకు మరల సున్నపురాయి వంటిదగును. అది గోడలోని చెమ్మను వెలికి పోనిచ్చును. గోడ ఊపిరి తీయునని మేస్త్రీలు చెప్పుదురు. దాని మీద సిమెంటు పూసినచో చెమ్మకు దారి మూసికొనిపోవును. లోపల నిలిచిన నీరు పాత సున్నమును గుల్లచేయును. కొంతకాలమునకు సిమెంటు పెచ్చు తాను ఊడుటయే గాక వెనుకనున్న పనితనమును కూడ ఊడదీసికొని పోవును. మంచి తలంపుతో చేసిన మరమ్మతే కట్టడమునకు హాని చేయుట ఇట్లే. డంగుసున్నపు పని యెరిగిన చేతులు తగ్గుచున్నవి. పాత కట్టడములకు కలిగిన పెద్ద ఆపద అదియే.

కార్వాన్ నుండి తూర్పుగా నడచిన మూసీ యొడ్డు చేరుదుము. అచ్చటి పాత వంతెన, పురానాపూల్, 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించినది. తెలుగువారికి ఈ ప్రభువు పరాయివాడు కాడు. తెలుగు కవులు ఇతనిని మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఇతనికే అంకితమిచ్చెను. ఇతని కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెనుగు కావ్యమైన యయాతిచరిత్రమును అంకితము చేసెను. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన గొప్ప వరద నగరమును ముంచినప్పుడు తక్కిన వంతెనలు దెబ్బతిన్నను, ఇది నిలిచినది. నగరము పుట్టుకకు పదమూడేండ్లు పెద్దయైన ఈ వంతెన నేడు కూరగాయల అంగళ్ళకు నీడయైనది. ఇచ్చట కూడ బాట, బేరము విడిపోలేదు.

వంతెన చెంతనే మియాఁ మిష్క్ మసీదు కలదు. కుతుబ్‌షాహీ కొలువులో హబ్షీ దేశపు మూలము గల యొక అధికారి పేరుతో ఇది వెలసినది. బాటసారులు దిగుటకు సరాయి, పెద్ద కమాను ద్వారము మొదలైనవి దీనితో కూడియుండెను. ఇచ్చట మన ప్రశ్నకు జవాబు దొరకును. ఒకడు మసీదు కట్టించినంత మాత్రమున అది నిలువదు. ప్రతి సాయంకాలము దీపము వెలుగవలెను. హౌజులో నీరు నిండవలెను. పిలుపునిచ్చువానికి, ప్రార్థన నడుపువానికి, ఊడ్చువానికి జీవనము జరుగవలెను. ప్రతి వానకాలము వెనుక పైకప్పునకు మరమ్మతు జరుగవలెను. అందుకై దాత కొన్ని అంగళ్ళను, సరాయిని, భూమిని మసీదు పేర విడిచిపెట్టును. ఆ ఆస్తిని అమ్మరాదు. దాని ఆదాయమును మాత్రము ఆ కార్యమునకే వినియోగింపవలెను. దీనినే వక్ఫు అందురు. దేవాలయములకు మాన్యములు ఎట్టివో మసీదులకు వక్ఫు అట్టిది. దేవాలయమునకు మాగాణి అన్నము పెట్టినట్లు నగరములోని మసీదునకు అంగడి అన్నము పెట్టెను. మరి అంగడికి మసీదు ఏమిచ్చెను? నీరిచ్చెను, నీడ నిచ్చెను, దినమునకు అయిదు మారులు జనమును ఒకచోటికి చేర్చెను. కాబట్టియే ఈ రెండును ఒకదాని నొకటి విడువలేదు.

వంతెన దాటి హుస్సేనీ ఆలం మీదుగా పోయినచో చౌక్, దాని వెనుక లాడ్ బజారు వచ్చును. ఉదయమున ఆ వీథి ఇంకను నిదురలో నుండును, తలుపులు మూసియుండును. మరల సాయంకాలము వత్తము. వీథి తుదిని ఎదుట ఆకాశమునంటి చార్మినారు కనుపించును.

చార్మినారు 1591లో నగరముతో పాటే పుట్టినది. నాలుగు దిక్కుల నాలుగు పెద్ద కమానులు, నాలుగు మూలల నాలుగు మీనారులు. మీనారుల ఎత్తు సుమారు 160 అడుగులు. కట్టడమునకు నల్లసేనపు రాయి, సున్నము వాడిరి. పై అంతస్తున పడమటి దెసను ఒక చిన్న మసీదున్నదని చాలమంది ఎరుగరు. దానికి నేడు సందర్శకులను అనుమతింపరు. ఇరుకైన చుట్టు మెట్ల మీదుగా మొదటి అంతస్తు వరకు ఎక్కి చూడవచ్చును. ఇది యేల కట్టబడినది? మహమ్మారి తొలగిన సంతోషమున సుల్తాను కట్టించెనని జనశ్రుతి. హిజరీ శకము వేయవ సంవత్సరమునకు గుర్తని చరిత్రకారులు కొందరు భావింతురు. ఉద్దేశ మేదైనను నగర నిర్మాణములో దీని పని స్పష్టముగా కనుపించును: నాలుగు రాజవీథులు ఇచ్చట కలియును. సుల్తానునకు ప్రధానియైన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఈ పథకమునకు రూపకల్పన చేసెనని చెప్పుదురు. నగరము నడుమ కోటగాక, కొలువుకూటముగాక, నాలుగు వీథుల కూడలిని ఉంచిన పథకమిది.

చార్మినారును మనము నాలుగు వందల యేండ్ల నాటి దానిగా చూతుము. కాని దాని చర్మము అంత పాతది కాదు. మొగలాయి సుబేదారుల కాలమున పిడుగు పడి నైరృతి మీనారు కూలగా 60,000 రూపాయలు వెచ్చించి బాగుచేసిరి. 1824లో లక్ష రూపాయలతో కట్టడమంతయు మరల గచ్చు చేయించిరి. నాలుగు ముఖములందలి గడియారములు 1889లో చేరినవి. 2019 మే నెలలో ఒక మీనారు నుండి అలంకారపు సున్నము కొంత ఊడిపడినది. పురావస్తు శాఖవారు మరల బాగుచేయ పూనుకొనిరి. ఏ తరము దాని బాధ్యత ఆ తరము వహించుట చేతనే ఇది మన దాక వచ్చినది. ఇటీవలి సంవత్సరములలో చుట్టును వాహనముల రాకపోకలను తగ్గించి పాదచారులకు విడిచిరి. అదియు ఒక విధమైన మరమ్మతే. మెట్ల ప్రక్క గోడల మీద మేకుతో తమ పేర్లు గీకిపోవు సందర్శకులు మాత్రము సున్నపు పని చేసిన మేస్త్రీ పేరు ఎచ్చటనైన కనుపించినదా యని ఒక్కసారి తలచుకొనవలెను.

చార్మినారునకు ఉత్తరముగా గుల్జార్ హౌజు, దానికి నాలుగు వైపుల నాలుగు కమానులు ఉన్నవి. వానిని కలిపి చార్ కమాన్ అందురు. పడమటి కమాను వెనుక ఆ కాలమున రాజభవనములుండెను. అవి నేడు లేవు. నడుమ నీటి హౌజు, చుట్టును బంగారము, వెండి, ముత్యముల అంగళ్ళు మాత్రము మిగిలినవి. చార్మినారునకును ఈ కమానులకును నడుమ, ఈశాన్యముగా, అంగళ్ళ వెనుక దాగినట్లు జామా మసీదు ఉన్నది. 1597లో కట్టిన ఈ మసీదు క్రొత్త నగరమున మొదటి శుక్రవారపు మసీదు. మక్కా మసీదు వైభవము ముందు దీనిని జనము మరచిరి. ప్రక్కనే వేలమంది నడచిపోవుచున్నను వారిలో పదిమంది యైనను తలయెత్తి చూడరు. కాని ఆ ఇరుకు సందులో నుండి ముంగిలిలోనికి అడుగు పెట్టినప్పుడు వెనుక బజారు మ్రోత హఠాత్తుగా తగ్గిపోవును. హౌజు నీటి మీద వెలుతురు కదలుచుండును. సరకు మోసి అలసిన కూలీ యొకడు స్తంభమున కానుకొని కూర్చుండియుండును. అంగడి నడుమ మసీదు ఉండుటలోని అర్థము ఏ గ్రంథము కంటెను ఈ ముంగిలి బాగుగా చెప్పును.

చార్మినారునకు నైరృతి దిక్కున కొలది అడుగుల దూరమున మక్కా మసీదు. 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా దీనిని ఆరంభించెను. అతడు, అతని కుమారుడు అబ్దుల్లా, చివరి సుల్తాను అబుల్‌హసన్ తానీషా, ముగ్గురి యేలుబడి గడచినను ఇది ముగియలేదు. మాదన్న పంతులు గోలకొండ ప్రధానిగా నున్న దినములలో సయితము ఇచ్చట రాళ్ళు పేర్చుచుండిరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. 1694లో అతడే దీనిని పూర్తి చేయించెను. కట్టించుటకు మొదలిడిన వంశమును కూలద్రోసిన చక్రవర్తియే ఆ వంశపు మసీదును పూర్తి చేయుట చరిత్రలో విచిత్రమైన ఘట్టము.

దీని ప్రార్థనాశాల 220 అడుగుల వెడల్పు, 180 అడుగుల పొడవు, 75 అడుగుల ఎత్తు గలది. పైకప్పును పదునైదు కమానులు మోయుచున్నవి. పదివేలమంది ఒకేసారి నమాజు చేయవచ్చునని ప్రతీతి. నడిమి కమానులో మక్కా నుండి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలున్నవని, అందుచేతనే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే ఆ కాలమున గోలకొండ వచ్చి ఈ పనిని చూచెను. గూటి కొరకు తీసిన ఒక మహాశిలను గనిలో నుండి వెలికి తీయుటకే అయిదేండ్లు పట్టెనని, అయిదారువందల మంది ఎడతెగక పనిచేసిరని, దానిని లాగుటకు 1,400 ఎడ్లు కావలసివచ్చెనని విన్నట్లు వ్రాసెను. ఆ శిలను చూచినప్పుడు సుల్తానుల పేర్ల కంటె ఆ యెడ్లను తోలినవారిని, త్రాళ్ళు పట్టినవారిని తలచుకొనుట న్యాయము. ఈ మందిరము సున్నపు నాజూకు కాదు, రాతి గాంభీర్యము. ఉదయమున తోలీ మసీదు చూచినవారికి ఈ భేదము వెంటనే తెలియును.

ముంగిలికి ఒక ప్రక్క ఆసఫ్‌జాహీ ప్రభువుల సమాధులున్నవి. రెండవ నిజాము నుండి ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వరకు ఇచ్చటనే విశ్రమించిరి. 2023 జనవరిలో ముకర్రం జాను కూడ ఇచ్చటనే ఖననము చేసిరి. ఈ ప్రాంగణము దుఃఖమును కూడ చూచినది. 2007 మే 18న శుక్రవారపు ప్రార్థనవేళ ఇచ్చట బాంబు ప్రేలి ప్రార్థనకు వచ్చినవారు ప్రాణములు గోల్పోయిరి. నేడు ఆ ముంగిలిలో పావురములు గుంపులుగా వ్రాలుచున్నవి. పిల్లలు వానికి జొన్నలు చల్లుచున్నారు. సందర్శకుడు గొంతు తగ్గించి నడచుటకు ఆ జ్ఞాపకమొక్కటి చాలును.

మధ్యాహ్నపు టెండలో పత్తర్‌గట్టి వైపు పోవుదము. 1908 వరద వెనుక నగరమును తీర్చిదిద్దుటకు 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఆ మండలి కాలమున రాతి కమానుల ఈ అంగళ్ళ వరుస లేచినది. కమానుల క్రింద నడచినంతసేపు ఎండ తగులదు. ఇచ్చట ముత్యముల వ్యాపారము ప్రసిద్ధము. హైదరాబాదునకు సముద్రము లేదు. ముత్యము ఇచ్చట పుట్టదు. ఒకప్పుడు పారసీక సింధుశాఖ నుండి వచ్చెడిది. నేడు అమ్మకమునకు వచ్చువానిలో చాలభాగము చీనాలో మంచినీట పెంచినవి. ఎంచుట, రంధ్రము చేయుట, దండ గ్రుచ్చుట, ఈ చేతిపనులే ఈ ఊరికి ముత్యాల నగరమను పేరు తెచ్చినవి. చెంతనే బాద్‌షాహీ అషూర్‌ఖానా కలదు. అది మసీదు కాదు. మొహర్రములో ఆలములను నిలుపు మందిరము. దాని గోడల మీది రంగుల పలకలు చూడదగినవి. వాని వివరము మరొక ప్రసంగమునకు విడుచుదము.

ఎండ తగ్గిన తరువాత లాడ్ బజారునకు వత్తము. ఉదయము నిదురించిన వీథి ఇదియేనా యనిపించును. ఇరువైపుల వేలకొలది గాజులు దీపముల వెలుగున మెరయుచుండును. లాడ్ అనగా లక్క యని కొందరు, ముద్దు అని కొందరు అర్థము చెప్పుదురు. లక్క యనగానే మనకు భారతములోని లక్కయిల్లు జ్ఞప్తికి వచ్చును. వేడికి ఇట్టే కరుగు ఆ గుణమే పాండవుల శత్రువులకు ఉపాయమైనది, గాజుల పనివానికి జీవనాధారమైనది. లక్క చెట్టు బంక కాదు. మోదుగ, రేగు మొదలైన చెట్ల లేత కొమ్మల మీద చేరు చిన్న పురుగులు స్రవించు పదార్థము. దానిని కరగించి, వడపోసి, బిళ్ళలుగా చేసి అమ్ముదురు.

గాజు చేయు విధము చూడదలచినచో పెద్ద దుకాణములు విడిచి, వెనుక సందులలోని ఇండ్లకు పోవలెను. కుంపటిలో నిప్పుకణికలు రగులుచుండును. లక్కలో రాతిపొడి కలిపి, వేడి మీద మెత్తబరచి, కఱ్ఱకు చుట్టి, పలుమారులు కాచి సాగదీసి సన్నని కడ్డీగా చేయుదురు. మీద రంగులక్క పూత వేయుదురు. కావలసిన పొడవునకు కోసి, కొనలు కలిపి, కఱ్ఱ అచ్చు మీద గుండ్రముగా సవరింతురు. అటుపిమ్మట మరల వేడిచేసి, మెత్తగా నున్నప్పుడే అద్దపు ముక్కలను, రాళ్ళను ఒక్కొక్కటిగా పొదుగుదురు. వేడి చాలనిచో రాయి అంటదు. మించినచో గాజు రూపు చెడును. కొలత చూచు యంత్రమేదియు లేదు. వ్రేళ్ళకు తెలిసిన కొలత ఒక్కటే. రాళ్ళు పొదుగు పనిలో స్త్రీల పాలు చాల ఎక్కువ. గంటల తరబడి కుంపటి ముందు వంగి కూర్చుండుటచే కన్నులు మండును, వ్రేళ్ళు కాలును, పొగ రొమ్మున చేరును. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. అది గౌరవమే. కాని యంత్రముతో పోతపోసిన ప్లాస్టిక్ గాజు అదే అంగడిలో, అదే మెరపుతో, తక్కువ ధరకు దొరకుచుండగా, గుర్తింపు ఒక్కటే కుంపటిని వెలిగింపలేదు.

బేరము చేయరాదని నేననుట లేదు. లాడ్ బజారులో బేరము ఒక సంభాషణ. అది లేనిచో వర్తకునికే తోచదు. అయితే బేరమునకు ముందు రెండు ప్రశ్నలు అడుగవచ్చును. ఇది లక్కయా, కాదా? చేతితో పొదిగినదా, యంత్రముతో చేసినదా? ఈ రెండు ప్రశ్నలు తరచుగా అడుగువారున్నచో వర్తకుడు చేతిపని గాజును ముందు వరుసలో ఉంచును. అడుగువారు లేనిచో అది వెనుకకు పోవును, క్రమముగా అంగడిని విడుచును. చేతిపని నశించుటకు శత్రువు అక్కరలేదు. కొనువాని అజాగ్రత్త చాలును. సున్నపు పనికి పట్టిన గతియే లక్కపనికిని పట్టకుండవలెనన్నచో, ఆ శ్రద్ధ కొనువారి చేతిలో నున్నది.

సూర్యుడు గ్రుంకువేళకు మక్కా మసీదు నుండి మగ్రిబ్ పిలుపు వినవచ్చును. వెంటనే జామా మసీదు నుండి, చౌక్ నుండి, ఒకదాని వెనుక నొకటిగా ఇతర మసీదుల పిలుపులు కలియును. గాజుల వర్తకుడు ఒకడు కొనవచ్చిన వారిని కొంచెము కూర్చుండుడని చెప్పి, అంగడిని పనివానికి ఒప్పగించి, సందు మూలనున్న మసీదు వైపు త్వరగా నడచిపోవును. పావుగంటలో తిరిగివచ్చి, విడిచిన చోటనే బేరమును అందుకొనును. ఉదయము నుండి మనము వెదకిన జవాబు ఆ పావుగంటలో ఉన్నది. అతని అద్దె దీపమును వెలిగించినది. ఆ దీపము అతని దినమునకు హద్దు గీసినది. నాలుగు శతాబ్దములకు మించి ఇట్లు ఒకదానినొకటి పోషించుకొనుచు వచ్చిన ఈ రెండింటిలో ఏ యొక్కటి చెడినను రెండవది నిలువదు. మరల మీరు హైదరాబాదు పోయినప్పుడు చార్మినారు తప్పక చూడుడు. కాని ఛాయాచిత్రము తీయించుకొన్న తరువాత, అంగళ్ళ నడుమ దాగిన ఆ పాత జామా మసీదు సందు ఎక్కడ యని ఒకరి నడిగి, చెప్పులు విడిచి, కొంతసేపు ఆ ముంగిలిలో కూర్చుండుడు.